అంచు మీద పేరు

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే యాదగిరి గారికి నా కొత్త వెండి నాణెం చూపించి మురిసిపోయాను. పాతకాలపు యుద్ధ పతకం నమూనాలో చేసిన స్మారక నాణెం అది. ఈ రోజు వెళ్లేసరికి ఆ పెద్దాయన జేబులోంచి రుమాలు మూట తీశారు.

“గసొంటిదే మా ఇంట్ల ఉంది సార్. జర చూడున్రి.”

నల్లబడిన అసలు పతకం. అలవాటుగా భూతద్దం పెట్టి ముందు అంచు చూశాను. అంచు మీద గీత పడితే మా నాణేల పిచ్చోళ్లకు అది పనికిరాదు. దీని చుట్టూ ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

“ఎవరో పేరు చెక్కి పాడుచేశారండీ. ఇక దీన్నెవరూ ముట్టుకోరు” అన్నాను, చుట్టూ నలుగురికీ వినపడేట్టు.

ఆయన కోప్పడలేదు. “చెక్కింది సర్కారోళ్లే సార్. మా తాత పేరది. లడాయికి పోయిండు. ఆయన రాలే, గిదొచ్చింది” అంటూ మళ్లీ రుమాల్లో చుట్టుకున్నారు.

అక్కర్లేని పుస్తకమొకటి బేరమాడకుండా కొనుక్కుని వచ్చేశాను.

ఇంట్లో నా నాణెం అంచును వేలితో తడిమాను. నున్నగా ఉంది, ఎవరి పేరూ లేదు. వచ్చే ఆదివారం ఏ ముఖం పెట్టుకుని ఆయన ముందుకెళ్లాలో మీరే చెప్పండి.