అమెరికాయన పద్యంలో మిగతా సగం

మా ఇంటికి దగ్గర్లో ఉన్న సూపర్‌మార్కెట్ మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. అక్టోబరు వచ్చిందంటే వాళ్ళు దీపావళి ప్రమిదలనీ, హాలోవీన్ పుర్రెలనీ ఒకే అరలో సర్దుతారు. లక్ష్మీదేవి బొమ్మ ఉన్న అగరొత్తుల పెట్టె పక్కనే, చెయ్యి తగిలితే చాలు కెవ్వుమనే ప్లాస్టిక్ మంత్రగత్తె ఉంటుంది. పోయిన ఏడాది మా ఆవిడ వత్తుల పొట్లం కోసం చెయ్యి చాపి ఆ మంత్రగత్తెని తాకింది. అది అరిచింది, ఈవిడా అరిచింది. ఇద్దరిలో మా ఆవిడ గొంతే బాగుందని నా అభిప్రాయం గాని, మళ్ళీ ఇద్దరం ఒకే కారులో ఇంటికి వెళ్ళాలి కాబట్టి చెప్పలేదు. అరలు సర్దే అమ్మాయిని పిలిచి, ఇవి రెండూ వేరు వేరు పండగలమ్మా అని విడమరిచి చెప్పాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "రెండూ చీకట్లో చేసుకునేవేగా, పెట్" అంది. ఇంగ్లండులోని మా న్యూకాసిల్‌లో ముక్కూ మొహం తెలియని ముసలివాణ్ణి కూడా ముద్దుగా అలాగే పిలుస్తారు. ముద్దుకి లొంగిపోయి ఊరుకున్నాను.

ఈ ఏడాది అదే అరలో, ప్రమిదలకీ పుర్రెలకీ మధ్య, ఒక టీ మగ్గు కనిపించింది. దాని మీద ఒక మనిషి మొహం. ఎన్నో రాత్రులు నిద్ర లేనట్టు, ఎవరో తిట్టి అప్పుడే బయటికి వెళ్ళినట్టు ఉండే మొహం. చూడగానే గుర్తుపట్టాను. నాకు చాలా దగ్గరి బంధువు. ఎప్పుడో పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దంలో పోయిన అమెరికా రచయిత; భయం పుట్టించే కథలూ, దిగులు పుట్టించే పద్యాలూ రాశాడు. బంధుత్వం ఎలాగంటే, మా బావగారు ఆయన్ని ఇంట్లో పెట్టుకుని పోషించారు. మా అక్క ఆయన్ని సవతి అనేది. "మగవాడు, పైగా చచ్చిపోయాడు, అయినా నా కంటే ఎక్కువ మాట్లాడతారు వీరు ఆయనతో" అనేది. పేరు మాత్రం రాయను. మా ఇళ్ళలో ఆ పేరు పలికే అలవాటు పోయింది. అందరం అమెరికాయన అనే అంటాం.

మా బావగారూ నేనూ ఒకే ఊరి ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాం. నాది మత్తుమందు ఇచ్చే పని. మనుషుల్ని నిద్రపుచ్చడం నా వృత్తి అని, కబుర్లు చెప్పేటప్పుడు కూడా వృత్తిధర్మం మరిచిపోనని మా ఆవిడ అంటుంది. బావగారిది పాథాలజీ. రోగి శరీరంలోంచి తీసిన ముక్కని సన్నగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, జబ్బు పేరు చెప్పే పని. అప్పుడప్పుడూ శవపరీక్షలు. పొద్దంతా అక్కడ ఉండి, ఇంటికొచ్చి టీ తాగుతూ మళ్ళీ శవాల కథలేమిటండీ అని అక్క అడిగితే, "అక్కడివాళ్ళు మాట్లాడరు, ఇక్కడివాళ్ళు మాట్లాడతారు" అనేవారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు హాస్టలు గది ఖాళీ చేస్తూ ఒక సీనియరు వదిలేసిన పుస్తకంతో ఈ సహవాసం మొదలైందట. ఆ సీనియరు తర్వాత పిల్లల డాక్టరై హాయిగా ఉన్నాడు. పుస్తకం మా బావగారిని పట్టుకుంది.

అమెరికాయన జీవితం మాకందరికీ నోటికొచ్చు. ఎవరైనా భోజనానికి వస్తే చాలు, పప్పులోకి నెయ్యి పడేలోగా ఆయన తల్లి చనిపోయేది. చారు దగ్గరికి వచ్చేసరికి పెంచినవాళ్ళు గెంటేసేవాళ్ళు. పెరుగు అన్నంలో ఆయన భార్య, పాపం చిన్నపిల్ల, దగ్గి దగ్గి పోయేది. ఆ పైన ఆయన తాగుడు, తోటి రచయితలతో తగవులు, ఆఖరికి అయినవాళ్ళు లేని మంచం మీద చావు. కిళ్ళీ వేసుకునే వేళకి అతిథులు కోట్లు వెతుక్కునేవారు. బావగారికి మాత్రం ఆ జీవితం దగ్గర ఒకటే పట్టింపు. "భయపెట్టడానికి రాశాడంటారోయ్. ఆయన భయపడి రాశాడు. రెండిటికీ తేడా ఉంది" అనేవారు నాతో. తేడా ఉందని ఒప్పుకుని నేను ఇంకో కిళ్ళీ వేసుకునేవాణ్ణి.

ఆయన పద్యాలన్నిటినీ తెలుగులోకి తేవాలని బావగారి కోరిక. అది ఎంత కష్టమో బయటివాళ్ళకి తెలియదు. మన భాషలో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. గుమ్మం దాటేవాడు వెళ్తానని అనకూడదు, వెళ్ళొస్తానని అనాలి. నెత్తి మీద తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు, చెడ్డమాట వినిపిస్తే అలాగే జరుగుగాక అనేసి పోతారు. ఇంత జాగ్రత్తగల భాషలో ఒక ఆడమనిషిని తిన్నగా మొదటి చరణంలోనే చంపడమంటే మాటలు కాదు. మొదట తేటగీతిలో ప్రయత్నించారు. అక్క పోపు వేస్తూ విని, "తేటగీతిలో పోతే మనిషి ఆరోగ్యంగానే ఉన్నట్టుందండీ" అంది. ఛందస్సు వదిలేసి గేయంగా రాశారు. ఈసారి, "భయం రాలేదు, నీరసం వచ్చింది" అంది. ఏ పంక్తి అయినా ఆవాలు చిటపటలాడడం ఆగి, అక్క గరిటె పట్టుకుని అలా నిలబడిపోయిందంటేనే పూర్తయినట్టు లెక్క. ఇంగ్లండులో ఉత్తరాన ఉన్న ఒక వంటింట్లో అమెరికా పద్యానికి ఇంగువ వాసనతో పరీక్ష జరగడం నేను కళ్ళారా చూశాను. ఆ వాసన ఇప్పటికీ నాకు దిగులుగా ఉంటుంది.

ఒక ఉగాదికి మా తెలుగు సంఘంవారు కవి సమ్మేళనం పెట్టారు. ఒక స్కూలు హాలు, బయట మంచు కలిసిన వాన, లోపల కవులు. ఒకరి తర్వాత ఒకరు లేచి కోయిలని పిలుస్తున్నారు. పిలిస్తే వచ్చే వాతావరణం కాదు. మా బావగారికి ఒక అవకాశం ఇచ్చారు. అమెరికాయన రాసినవాటిలో, భార్య పోయిన మనిషి పద్యం తీసుకున్నారు. మొదటి సగంలో ఆమె పోతుంది. రెండో సగంలో అతను ఖాళీ గదిలో ఒక్కడూ కూర్చుని ఆమెతో మాట్లాడుతూ ఉంటాడు. బావగారు బాగా చదివారు. నిజంగా బాగా చదివారు. ఉగాది పచ్చడి గ్లాసులు పంచుతున్నవాళ్ళు ఆగిపోయారు. సరిగ్గా ఆమె కళ్ళు మూసే చోట మా సంఘం సెక్రటరీగారు మైకు దగ్గరికి వచ్చారు. ఆయన ఊళ్ళో జీపీ, అంటే ఏ జబ్బుకైనా ముందు చూపించుకునే డాక్టరు; మెత్తని మనిషి, ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు వాలేది ఆయనే. చేతిలో శాలువా ఉంది.

"అద్భుతం డాక్టర్‌గారూ, అద్భుతం. కానీ ఏడాది మొదటి రోజు కదండీ, పైన తథాస్తు దేవతలుంటారు" అని చెవిలో అనబోయి మైకులో అన్నారు. శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి. మనవాళ్ళు ఒక మనిషిని మర్యాదగా ఆపాలంటే శాలువాని మించిన సాధనం లేదు. రెండు చేతులూ లోపల చిక్కుకుంటాయి, కాగితం ఎత్తడానికి వీలుండదు. బావగారు దండం పెట్టి దిగిపోయారు. తర్వాతి కవి వేపపువ్వుని పలకరించాడు.

తిరిగి వస్తుంటే కారు నేనే నడిపాను. వెనక సీట్లోంచి అక్క, "ఇంతకీ ఆయన ఏమయ్యాడండీ?" అంది.

"ఎవరు?" అన్నారు బావగారు.

"ఆ పద్యంలో ఆయన. ఆవిడ పోయాక."

"రెండో సగం ఇంకా నీ పోపులో పడలేదు. రాశాను గాని, దానికింకా మెరుగులు దిద్దాలి. పూర్తి చేసి చదువుతాలే."

"తొందరేం లేదు" అంది అక్క.

నిజానికి తొందర ఉండింది. మాకు తెలియలేదు. ఆ ఎండాకాలం అక్కకి దగ్గు పట్టుకుంది. సర్జరీకి, అంటే ఇక్కడి జీపీల క్లినిక్‌కి, వెళ్తే యాంటీబయాటిక్స్ ఇచ్చారు, ఆ పైన స్కాన్ అన్నారు, ఆ పైన ఊపిరితిత్తిలోంచి ముక్క తీశారు. దాన్ని బావగారి డిపార్ట్‌మెంటులోనే వేరే ఆయన చూశాడు. ఆ మధ్యాహ్నం బావగారు పక్క గదిలో కూర్చుని ఎవరిదో అపెండిక్స్ చూస్తూ ఉన్నారట. ఆ రిపోర్టు కూడా తప్పు లేకుండా రాశారు.

మా పిన్ని విజిటర్ వీసా మీద విజయవాడ నుంచి వంటసాయానికి దిగింది. వచ్చిన రెండోరోజే అల్మరాలో అమెరికాయన పుస్తకాలు చూసింది, కాగితాలు చూసింది, కాఫీ కలుపుతూ సూటిగా అంది. "అల్లుడుగారూ, నేను చదువుకున్నదాన్ని కాదు. కానీ ఇన్నేళ్ళు కట్టుకున్నదాని ఎదురుగా కూర్చుని, పెళ్ళాం పోయింది పెళ్ళాం పోయింది అని పాడితే ఆ ఇంటికి ఏం మంచి జరుగుతుందండీ?" పిన్ని చెడ్డది కాదు. ఆ మాట అన్నాక చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని అక్కకి చారన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఇండియా నుంచి ఫోన్లు కూడా ఇంచుమించు ఇదే ధోరణిలో వచ్చాయి. కొందరు పుస్తకాలు ఏదైనా నీళ్ళలో కలపమన్నారు. మా ఊరి టైన్ నదికి అంత పాపం తెలియదు కాబట్టి ఆ పని జరగలేదు.

బావగారు కాగితాలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, టేపు అంటించి, గరాజ్‌లో పెట్టేశారు. జబ్బు కణాల్ని జీవితమంతా కళ్ళతో చూసిన మనిషి. దగ్గు ఎందుకు వచ్చిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో పేరుపెట్టి చెప్పగల మనిషి. నేను ఒకసారి గరాజ్‌లోనే పట్టుకుని అడిగాను. "మీరు నమ్ముతున్నారా బావగారూ ఇదంతా?"

"లేదోయ్" అన్నారు. "నమ్మకం లేదు. పందెం కాసే ధైర్యమూ లేదు."

అక్క మాత్రం అడుగుతూనే ఉంది. మేడ మీది మంచాన్ని కిందికి, ముందుగదిలోకి దింపాం. కిటికీలోంచి ఎదురింటివాళ్ళ పిల్లి కనిపించేది. బావగారు పక్కన కూర్చుని అన్నీ శుభప్రదమైనవే చదివేవారు: క్రికెట్ స్కోర్లు, వాతావరణం, కౌన్సిల్‌వాళ్ళు పంపే రంగుల పత్రిక. అక్క వినేది, విని, "అదంతా సరే. ఆయన ఏమయ్యాడో చెప్పండి" అనేది.

"నువ్వు లేచి తిరిగాక చదువుతాను."

"లేచి తిరిగితే నాకెందుకండీ ఆ పద్యం? ఇప్పుడు కావాలి గాని."

అడుగుతున్నది అమెరికాయన గురించి కాదని గదిలో ఉన్న అందరికీ తెలుసు. తను లేని ఇంట్లో ఈ మనిషి ఏం చేస్తాడు, టీ పెట్టుకుంటాడా, మాట్లాడతాడా, ఎవరితో. అది తెలుసుకోవాలి ఆవిడకి. తిన్నగా అడిగితే ఆయన తట్టుకోలేడని పద్యంలోంచి అడిగింది. ఆయన పద్యంలోంచి చెప్పడానికి కూడా భయపడ్డారు. వాళ్ళమ్మాయి, మా మేనకోడలు, అప్పుడు మాంచెస్టర్‌లో చదువుతూ వారానికోసారి వచ్చేది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. "జస్ట్ రీడ్ ఇట్ టు హర్, డాడ్" అంది ఒకసారి. బావగారు లేచి వెళ్ళి కెటిల్ పెట్టారు. అక్క అలాగే వెళ్ళిపోయింది. అలాగే అంటే, వినకుండా.

సంతాపసభ కూడా ఆ స్కూలు హాల్లోనే జరిగింది. సెక్రటరీగారు ఏడ్చారు. నిజం ఏడుపే, అక్కని కీమోకి ఎన్నోసార్లు తన కారులో తీసుకెళ్ళింది ఆయనే. కళ్ళద్దాలు తుడుచుకుని బావగారి చెయ్యి పట్టుకుని, "ఆ రోజు మధ్యలో ఆగిపోయింది కదండీ పద్యం. ఇవాళ చదవండి. సందర్భం కూడా కుదిరింది" అన్నారు. బావగారు కళ్ళజోడు మరిచిపోయి వచ్చానన్నారు. కళ్ళజోడు ఆయన కళ్ళకే ఉంది.

అదంతా జరిగి ఇప్పటికి చాలా ఏళ్ళు. మొన్న ఆ మగ్గు కొన్నాను. ఎందుకు కొన్నానో తెలియదు. పుర్రెల మధ్య వదిలి రాబుద్ధి కాలేదు. దీపావళి ముందు ఆదివారం బావగారింటికి తీసుకెళ్ళాను. మేనకోడలు కూడా వచ్చి ఉంది, ప్రమిదలు తుడుస్తోంది. బావగారు మగ్గుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బతికున్నన్నాళ్ళూ ఈయనకి పిలిచి గ్లాసుడు టీ పోసినవాడు లేడోయ్" అన్నారు.

"కమాన్, ఇట్స్ క్యూట్, డాడ్" అని మేనకోడలు అందులోనే టీ పోసి ఇచ్చింది. ఆయన తాగుతున్నారు. ముందుగది, అదే కిటికీ, ఎదురింటివాళ్ళకి ఇప్పుడు వేరే పిల్లి. ఖాళీ గదిలో ఆ మనిషి ఏమయ్యాడో నాకు ఇన్నేళ్ళుగా కనిపిస్తూనే ఉంది. వారానికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్తున్నాను. అట్టపెట్టె గరాజ్‌లోనే ఉంది, టేపు ఊడలేదు. కాలం చేసే పని నాకు తెలిసినంతలో ఇదొక్కటే: నిన్న ఇంట్లోకి రానివ్వని మొహాన్ని ఇవాళ అరలో పెట్టి అమ్ముతుంది, అడిగినవాళ్ళని మాత్రం వెనక్కి తేదు.

అప్పుడే ఫోను మోగింది. బావగారికి ఈ మధ్య సరిగ్గా వినపడదు కాబట్టి స్పీకరులో పెడతారు. సెక్రటరీగారు. ఇప్పుడు ప్రెసిడెంటు.

"డాక్టర్‌గారూ, నమస్కారమండీ. ఈసారి హాలు ఒక్క శనివారమే దొరికింది. దీపావళీ హాలోవీనూ కలిపి కొట్టేస్తున్నాం. పిల్లలంతా దయ్యాల వేషాలతో వస్తారు. మీ అమెరికాయన పద్యం ఉంది చూశారూ, ఓ పది నిమిషాలు చదివి పెట్టాలి. మొత్తం చదవండి, ఈసారి ఎవరూ ఆపరు. పిల్లలకి భలే సరదాగా ఉంటుంది."

మేనకోడలు చేతిలో ప్రమిద అలాగే ఉండిపోయింది. బావగారు మగ్గు కింద పెట్టారు.

"మరి తథాస్తు దేవతలో?" అన్నారు మెల్లిగా.

అవతల ఆయన పెద్దగా నవ్వారు. ఏ కల్మషమూ లేని నవ్వు.

"భలేవారే! ఈ రోజుల్లో అవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారండీ!"