సోనున్ ఎజె ఎత్తనన్న ఫోను

రాజధాని నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరుని సోనున్‌బూబూ గుర్రపు పలుపుతో ఫోను బీరువాకి కట్టేసిందట. ఉరుము ఉరిమినప్పుడల్లా "ఇప్పుడు చెప్పండి, బాగుందా?" అని అడిగిందట. ఆయన మీసాలు ముళ్లపంది వీపులా లేచి నిలబడ్డాయట. కారాసాజ్ బజారులో ఇప్పటికీ ఇదే మాట. కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు. చూడనివాళ్ళు మాత్రం పలుపు రంగుతో సహా చెబుతారు. ఉల్లిపాయలమ్మే ఆవిడ ఎర్రదంటుంది, వ్యాను డ్రైవర్లు నల్లదంటారు, ఒకసారి రెండు పక్షాలూ కొట్టుకునేదాకా వెళ్ళింది వ్యవహారం.

సోనున్‌బూబూని ఊరంతా ఎజె అంటుంది, అంటే అక్కా అని. ఆమెకంటే ముందు పుట్టిన ముసలాళ్ళు కూడా భయంకొద్దీ అక్కా అనే పిలుస్తారు. మనిషి గడ్డివాములా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ల రొదకి అలవాటుపడిన గొంతు కనక, పక్కింటామెని ఉప్పు అడిగితే కొండ అవతల గొర్రెలు తలెత్తి చూస్తాయి. భర్త పోయిన దగ్గర్నుంచీ ఊరి చివర సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. ఆ కంట్రోల్ రూములో ఆమెకో కుర్చీ, కుర్చీ మీద సొంత గొర్రెతోలు. ఆ కుర్చీయే ఆమె ఇల్లూ పొలమూ మొగుడూ. ఊళ్ళో దీపాలు మిణుకుమంటే "ఎజెకి కోపమొచ్చింది" అనుకుంటారు పిల్లలు.

ఆమె పనిలో సగం ఫోనే. ఎక్కడో లైను పడిపోతుంది. జిల్లాలో కూర్చున్న డిస్పాచర్ ఫోను చేస్తాడు. ఆమె ఎత్తాలి, అతను చెప్పింది వినాలి, విన్నది తిరిగి అప్పజెప్పాలి, అప్పుడే లైను కలిపే పిడి తిప్పాలి. ఫోను ఎత్తకుండా ఏ పిడి మీదా చెయ్యి వెయ్యకూడదు. అంటే ఆమె ఫోను ఎత్తకపోతే ఊరికి వెలుగు లేనట్టే.

ఆ ఫోనుకే వచ్చింది తంటా. కిందటి శరదృతువులో కాంట్రాక్టు మనుషులు కొత్త బీరువా ఒకటి తెచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబెట్టారు. ఇనుప బీరువా. లోపల మిణుకు మిణుకుమనే దీపాలు, వాటి మధ్య కొక్కేనికి ఫోను. చెయ్యి పెడితే ఇనుము తగలక తప్పదు. ఇటు పిడులున్న ఇనుప ప్యానెల్, అటు బీరువా, మధ్యన జానెడు చోటు. ఎజె అంత ఒళ్ళున్న మనిషి రెంటినీ ఒకేసారి తాకకుండా కూర్చోవాలంటే గాలి పీల్చడం మానెయ్యాలి.

సబ్‌స్టేషన్‌లో మొదటి రోజు నేర్పే సంగతి ఒకటుంది. ఆవరణలో ఇనుమన్నది ఏదైనా సరే, ట్రాన్స్‌ఫార్మరూ, కంచే, ప్యానెలూ, ఆఖరికి పొయ్యి గొట్టమూ, నేలలో పాతిన ఒకే ఇనుప వలకి కట్టి ఉండాలి. అదే ఎర్తు. పాత ఫోను పెట్టెని కూడా లావుపాటి రాగి పట్టీతో దానికే కట్టారు. కొత్తవాళ్ళు కట్టలేదు. "ఇది సుకుమారమైన యంత్రం, దీనికి విడిగా శుభ్రమైన మట్టి కావాలి" అన్నారు. అసలు సంగతేమిటంటే వలదాకా వెళ్ళాలంటే గచ్చు పగలగొట్టాలి, భోజనాల వేళయింది. బయట రోడ్డు పక్కన ఒక ఇనుప కడ్డీ దిగ్గొట్టి, బీరువా నుంచి దానికో తీగ లాగి, పులావు తిని వెళ్ళిపోయారు.

వసంతంలో తడిమంచు పడి కొండమీద లైను తెగింది. ఫోను మోగింది. ఎజె మోచెయ్యి ప్యానెల్ మీద ఉంది, రెండో చెయ్యి బీరువాలో పెట్టింది. ఆమె అరుపుకి పొయ్యి మీద కెటిల్ దానంతటదే పొంగింది. మనిషి ఎగిరి గోడకి తగిలింది. తర్వాత వారం పాటు చెంచా పట్టిన చెయ్యి నోటికి బదులు చెవిదగ్గరికి వెళ్ళేదట.

సబ్‌స్టేషన్ పెద్ద ఎర్మెక్‌ని పట్టుకుంది. వయసులో చిన్నవాడు, హోదాలో పెద్దవాడు, ధైర్యంలో ఎటూ కానివాడు.

"ఒరే ఎర్మెక్, ఆ బీరువా నన్ను కొట్టింది."

"ఎజె, నువ్వు ఉన్ని చొక్కా వేసుకున్నావు. ఉన్నికి చిటపటలుంటాయి."

"పుట్టిన రోజు నుంచీ ఉన్నిలోనే ఉన్నాన్రా. ఏ ఉన్నయినా నన్ను గోడకేసి కొట్టిందా?"

"పైకి రాస్తాలే."

"పైకి అంటే ఎంత పైకి? దేవుడిదాకానా? త్వరగా రాయి, లేకపోతే నేనే ముందెళ్ళి చెబుతాను!"

రాశాడో లేదో ఎవరికీ తెలీదు. జవాబు మాత్రం రాలేదు. ఆమె ఇంటి నుంచి నూడుల్స్ కలిపే పొడుగు చెక్క గరిటె తెచ్చుకుంది. ఫోను మోగితే గరిటెతో తలుపు తీసి, గరిటెతోనే ఫోను కొక్కెం మీంచి లేపి, దూరం నుంచే దానివైపు అరిచేది.

"ఎజె, బావిలోంచి మాట్లాడుతున్నావా?" అన్నాడు డిస్పాచర్.

"బావిలోంచి కాదు నాయనా, గరిటె ఇవతల్నించి!"

జిల్లా అంతా నవ్వుకుంది. చెయ్యి ఆమెది, నవ్వు వాళ్ళది.

ఇక్కడ ఎజె చేసిన పొరపాటు కూడా చెప్పాలి. రోడ్డు పక్కన పాతిన కడ్డీ నడుమెత్తున నిలబడి ఉంది. గట్టిగా, నిటారుగా. కారాసాజ్‌లో గుమ్మం ముందు అలాంటిది కనబడితే గుర్రం కట్టకుండా పోవడం పాతినవాణ్ణి అవమానించడమే. కాపరి కెరిమ్‌కుల్ ఒకరోజు కొండ దిగి వచ్చి, "గుర్రం ఎక్కడ కట్టను సోనున్?" అని అడిగితే, ఎజె కిటికీలోంచే "అదుగో బైకె, కొత్తది వేశారుగా!" అంది. బైకె అంటే అన్న. ఆ అన్నగారి గుర్రానికి కళ్ళెం రాసుకుపోతుందని కడ్డీ తలకి ఫెల్ట్ ముక్క కూడా చుట్టింది. బీరువాని చూసి వణికిన మనిషికి, బీరువా తోక ఆ కడ్డీయేనని ఒక్కసారీ తట్టలేదు. దాంతో వచ్చేపోయే గుర్రాలన్నీ అక్కడే.

గాలిదుమారం లేచిన ఒక మధ్యాహ్నం కెరిమ్‌కుల్ లోపల కూర్చుని నూనెలో వేయించిన పిండి ముక్కలు, వేడి వేడి బోర్సోక్‌లు, టీలో ముంచుకు తింటున్నాడు. లైను మళ్ళీ తెగి నేల మీద పడింది. బీరువాకీ ప్యానెల్‌కీ మధ్య జానెడు చోటులో నీలం మెరుపు ఒకటి ఇటునుంచి అటు దూకింది. అదే క్షణం బయట గుర్రం మనిషిలా కేక పెట్టింది. మోకాళ్ళ మీద పడింది, లేచింది, కడ్డీని ముల్లంగి పీకినట్టు పీకింది, కడ్డీతో తీగతో ఫెల్ట్ ముక్కతో సహా బజారులోకి పరిగెత్తింది. ఉల్లిపాయల కొట్టు మీంచి దూకిందంటారు. దూకలేదు, కొట్టులోంచే వెళ్ళింది.

లోపల ఫోను మోగుతోంది. ఎజె గరిటె పట్టుకుని నిలబడింది.

"ఎత్తు సోనున్," అన్నాడు కెరిమ్‌కుల్.

"ఎత్తను బైకె. గుర్రానికే అలా అయితే..."

ఊరు చీకటి పడ్డాక కూడా కరెంటు లేకుండా ఉంది. రొట్టెల దుకాణంలో పిండి పొంగి కిటికీలోంచి వీధి చూసింది. మర్నాడు జిల్లా నుంచి మాట వచ్చింది: ఫోను ఎత్తని ఆపరేటరు మాకెందుకు? పెద్ద ఇంజనీరు వస్తాడు, బీరువాని చూస్తాడు. బీరువా బాగుందంటే ఎజె కుర్చీ ఖాళీ చెయ్యాలి.

వచ్చాడు తలాంత్ ఇస్మాయిలోవిచ్. కొత్త బీరువా కాగితాల మీద సంతకం ఆయనదే. మెత్తటి గొంతు, నున్నటి గడ్డం, బూట్ల మీద దుమ్ము కూడా అడిగి కూర్చున్నట్టుంది. ఎర్మెక్ అప్పటికే కడ్డీని పాత గుంటలోనే మళ్ళీ దిగ్గొట్టించి, దానికి అందంగా రంగు వేయించాడు. ఎజె టీ పోసింది, రొట్టె పెట్టింది. ఆయన ఒక్క ముక్క తుంచలేదు.

"యంత్రంలో దోషం లేదు ఎజె," అన్నాడు, పిల్లకి చెప్పినట్టు. "అలవాట్లలో ఉంది. పరికరానికి గుర్రాలు కడితే ఎట్లా?"

"నా గుర్రం ఇప్పటికీ ఇనుప మంచం కనబడితే దారి మార్చుకుంటోందయ్యా," అన్నాడు కెరిమ్‌కుల్ మూల నుంచి.

"జంతువులు బెదురుతాయి బైకె. దానికేముంది?"

"మరి నేను?" అంది ఎజె. "నేనూ బెదిరానా?"

"వయసు వస్తోంది కదా. ఆరోగ్యం చూసుకోవాలి. ఇంట్లో విశ్రాంతి..."

ఎజె తన గొర్రెతోలు దులిపి, కుర్చీ లాగింది.

"సరే తలాంత్ ఇస్మాయిలోవిచ్. ఉన్ని తప్పు, గుర్రం తప్పు, నా వయసు తప్పు. ఇలా కూర్చోండి. కొండ మీద మబ్బు చూశారా? ఇంకాసేపట్లో ఫోను మోగుతుంది. మీరు ఎత్తండి. ఎత్తితే నేనే నా గొర్రెతోలు చుట్టుకుని ఇంటికి పోతాను."

అందరూ చూస్తున్నారు కాబట్టి ఆయన కూర్చున్నాడు. ఉరిమింది. కిటికీ అద్దం జివ్వుమంది, ఊళ్ళో దీపాలు ఆరిపోయాయి. ఫోను మోగింది.

ఆయన చెయ్యి బీరువా వైపు వెళ్ళింది. ఇంతలో కొండ నెత్తిన మెరిసింది. చెయ్యి దారిలోనే ఆగింది. ప్యానెల్‌కి ఆనుకున్న మోచెయ్యి మెల్లగా, ఎవరూ చూడట్లేదన్నట్టు, ఒళ్ళోకి జారింది. బూట్లు రెండూ నేల మీంచి లేచి కుర్చీ అడ్డకర్ర మీదికి ఎక్కాయి.

ఫోను మోగుతూనే ఉంది.

"ఎత్తండి," అన్నాడు ఎర్మెక్, పాపం నిజంగానే అర్థంకాక.

"రబ్బరు గ్లోవ్స్ ఉన్నాయా?" అన్నాడు ఇంజనీరు మెత్తగా.

అప్పుడు లేచింది ఎజె గొంతు. ఆ రోజు ఉరుము వినబడలేదని కింది ఊరివాళ్ళు చెబుతారు.

"తెలుసన్నమాట! నీకు తెలుసు! తెలీక చేశావనుకున్నాను, చదువుకున్నోడు కూడా ఒక్కోసారి తప్పుతాడులే అనుకున్నాను. తెలిసే సంతకం పెట్టావు! నా చేతికేమో ఉన్ని చొక్కా కథ, నీ చేతికి రబ్బరు గ్లోవ్సా? నీది చెయ్యి, నాది గరిటా? లైను నేల మీద పడితే కరెంటు మట్టిలోంచి ఇక్కడికే పరిగెత్తుకొస్తుంది, ఈ నేలంతా ఒక్క ఊపున లేస్తుంది. అన్నీ ఒకే వలకి కట్టి ఉంటే అన్నీ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి, మధ్యలో ఉన్న మనిషి టీ కూడా ఒలకదు. ఈ బీరువా ఒక్కటే రోడ్డు పక్క మట్టికి కట్టుకుని కూర్చుంది! నన్ను చెరోవైపు పరిగెత్తే రెండు గుర్రాల మీద చెరో కాలు వేసి కూర్చోమన్నావు! దీనికోసం నా కుర్చీ పీకుతావా? గచ్చు పగలగొట్టడం కష్టమని నన్ను పగలగొడతావా?"

ఫోను ఇంకా మోగుతోంది. ఎజె ఆయన్ని కుర్చీతో సహా పక్కకి జరిపి, గరిటె అందుకుని, తలుపు తీసి, ఫోను లేపి, డిస్పాచర్ చెప్పింది విని, విన్నది అప్పజెప్పి, పిడి తిప్పింది. ఊళ్ళో దీపాలు వెలిగాయి. ఆ వెలుగులోనే ఆయన కారెక్కాడు. రొట్టె ముక్క మాత్రం ముట్టలేదు. దానికి ఎజె ఇప్పటికీ ఉడికిపోతుంది, కరెంటు దెబ్బకంటే ఎక్కువ.

కొన్నాళ్ళకి మనుషులొచ్చారు. గచ్చు పగలగొట్టారు. బీరువాని లావుపాటి రాగి పట్టీతో నేలలోని వలకి కట్టారు. ఊరి నుంచి వచ్చే ఫోను తీగకి మధ్యలో ఒక పెట్టె పెట్టారు, బయటి మట్టి పోట్లు లోపలికి రాకుండా. రోడ్డు పక్క కడ్డీ పీకేశారు. ఎజె మొదటిసారి ఒట్టి చేత్తో ఫోను ఎత్తినప్పుడు కళ్ళు మూసుకుందట, కానీ అది చెబితే చంపేస్తుంది. "ముందే అనుకున్న అభివృద్ధి పని" అని జిల్లా ప్రకటించింది. క్షమించమన్న మాట ఏ నోటినుంచీ రాలేదు.

ఎర్మెక్ ఒకనాడు టోపీ చేతిలో నలుపుకుంటూ వచ్చాడు.

"ఎజె, కుర్చీ నీదే. ఒక్కటే మాట. ఆ రోజు ఇక్కడ ఏమీ జరగలేదు."

"ఏమీ జరగలేదా? నా చెయ్యి? గుర్రం? ఊరు చీకట్లో కూర్చోవడం?"

"జరిగిందంటే ఎవరిదో తప్పుండాలి ఎజె. ఉండాలంటే ఎవరిదవుతుందో నీకు తెలుసు."

"నాది."

"నీది."

ఎజె గొర్రెతోలు సర్దుకుని కూర్చుంది. అంత గొంతున్న మనిషి ఆ ఒక్క మాటనీ మింగింది. మింగాక అరగలేదు. అందుకే ఇప్పుడు బజారులో ఎవరైనా కదిపితే చాలు, ఇంతెత్తున లేస్తుంది.

"పలుపా? ఏ పలుపు? ఏ ఇంజనీరు? మా సబ్‌స్టేషన్‌కి ఎవరూ రాలేదు. వచ్చినా కూర్చోలేదు. కూర్చున్నా ఫోను మోగలేదు. మోగినా నేను నోరెత్తలేదు. పైగా ఆయనకి మీసాలే లేవు!"

"రాని మనిషికి మీసాల్లేవని నీకెలా తెలుసు ఎజె?" అంటుంది ఉల్లిపాయలావిడ.

"అబద్ధం! మొత్తం అబద్ధం! గుర్రం కూడా అబద్ధం! పలుపుతో కట్టేశానట! ఊరంతటికీ ఉన్నది మా కెరిమ్‌కుల్ బైకె పలుపు ఒక్కటే, ఆ రోజు అది గుర్రం మెడలో ఉంది. లేకపోతే..."

అక్కడ ఆగి, చుట్టూ చూసి, ఉల్లిపాయల సంచీ భుజానికెత్తుకుంటుంది.

"లేకపోతే ఏమీ లేదు. ఏమీ జరగలేదు, అంతే."