చుక్కలమ్మ కంప్యూటరుకు గొంతు

అంధ బాలికల బడిలో వెనకవైపు గది బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే యంత్రానిది. దాన్ని నడిపే ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. పొద్దస్తమానం కాగితాల మీద చుక్కలు పొడిపించే పని కాబట్టి పిల్లలు ఆవిడకు చుక్కలమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనుకునేవారు. ఆవిడ విని నవ్వేయడంతో అదే పేరు స్థిరపడిపోయింది.

యంత్రం ఎంత పాతదో దానికి తగిలించిన కంప్యూటరూ అంత పాతది. యంత్రం తీగ పట్టే సాకెట్టు కొత్త కంప్యూటర్లకు ఉండదు. అందుకే ఆవిడ ఆ పాతదాన్నే బతిమాలుకుంటూ నెట్టుకొస్తోంది. తెర మీద ఉన్నదల్లా చదివి వినిపించే గొంతు ఒకటి అందులో ఉండేది. ఆవిడ పనంతా ఆ గొంతును పట్టుకునే సాగేది. ఈమధ్య అది వాక్యం సగంలో ఆగిపోయి, ఆవిడ టీ తాగి వచ్చాక మిగతా సగం అందుకోవడం మొదలుపెట్టింది. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. రసాయనశాస్త్రం పుస్తకం సగం కూడా అచ్చు కాలేదు. చుక్కలమ్మకు ముద్ద దిగడం లేదు.

ఆవిడ మరిది లిఫ్టుల మెకానిక్. సెలవు దొరికితే కంప్యూటర్లతో కుస్తీ పట్టడం అతని సరదా.

"పాత సిస్టం తీసేసి, లినక్స్ అని ఉచితంగా దొరికే సిస్టం వేద్దాం వదినా. అందులో బోలెడు రకాలున్నాయి. కొన్ని మరీ తేలిక. ఈ ముసలి ప్రాణానికి అలాంటిదే కావాలి."

"తేలికైతే సరే. మాట్లాడుతుందా?"

"మాట్లాడకేం? అన్నీ మాట్లాడతాయి."

అన్నీ అంటూ అతను తేల్చేసిన తీరు ఆవిడకు నచ్చలేదు. అతను పాఠాలన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు. అన్నీ వచ్చాయా అని ఆవిడ అడిగింది. కాసేపాగి మళ్లీ అడిగింది.

"నా మీద నమ్మకం లేదా వదినా?"

"నీ మీద ఉందిరా. ఆ పుల్లముక్క మీదే లేదు."

డిస్కు జోలికి పోకుండా, లినక్స్‌ను వేరే పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడొచ్చట. అతను మొదట అన్నింటికంటే తేలికైనది పెట్టాడు.

"అబ్బ! ఎంత చురుగ్గా లేచిందో చూడు!" అని గంతేశాడు.

ఆవిడకు ఫ్యాను రొద తప్ప ఏమీ వినపడలేదు. అతను అటూ ఇటూ వెతికి సంగతి కనుక్కున్నాడు. బరువు తగ్గించడానికి దాన్ని తయారుచేసినవాళ్లు చదివే గొంతును అసలు పెట్టనేలేదు. రెండోదానికి గొంతుంది కానీ, మెట్లెక్కి వచ్చిన మనిషిలా మాటమాటకూ ఆయాసపడింది.

"ఒకటి మూగది, ఇంకొకటి ఉబ్బసం రోగి. వీటితో పుస్తకం ఎప్పటికి తేలుతుంది?" అంది చుక్కలమ్మ.

తనలాగే చూపులేని స్నేహితురాలు ఒకామె ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఆమెకు ఫోన్ చేసింది.

"డెబియన్ పెట్టు, అదీ లినక్సే. ఎక్కించేటప్పుడే మాట్లాడుతుంది. బీప్ అన్నాక 'ఎస్' నొక్కి, ఎంటర్ కొట్టు. తెరకు తేలికపాటి హంగులే ఎంచుకో. నాదీ పాతదేగా, బానే నడుస్తోంది."

ఈసారి మీటల ముందు చుక్కలమ్మే కూర్చుంది. బీప్ వినపడింది. ఎస్ నొక్కింది, ఎంటర్ కొట్టింది. తర్వాత చడీచప్పుడు లేదు.

"ఏం కనిపిస్తోంది?"

"అంతా నల్లగా ఉంది వదినా."

"నల్లగా ఉంటే మంచిదా, చెడ్డదా?"

ఆవిడ చీరకొంగుకు అరచేతులు తుడుచుకుంది. అప్పుడు స్పీకర్లోంచి జలుబు చేసినట్టున్న గొంతు ముక్కుతో ఇంగ్లిషు మాట్లాడింది. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

ఆవిడ ఒక్కో ప్రశ్నా విని జవాబిస్తూ పోయింది. చివరికి ఆ గొంతు, డిస్కు మీద ఉన్నదంతా చెరిపేసి రాయమంటావా అని అడిగింది. ఆవిడ మీట మీంచి వేలు తీసేసింది.

"పెన్‌డ్రైవులోని ఆ పాఠాలు నీ లాప్‌టాప్‌లో తెరువు. ఒక్కొక్కదాని ఆఖరి వాక్యం చదువు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

మరిది విసుక్కుంటూ చదవసాగాడు. ఆమ్లాలు సరే, లోహాలు సరే. కర్బన సమ్మేళనాల దగ్గర ఆగాడు.

"వదినా... పేరుంది. లోపల ఏమీ లేదు."

నెలల తరబడి టైపు చేసిన పాఠం అది. ఆవిడ వెంటనే కంప్యూటరు ఆపేసింది. ఇంకా ఏదీ చెరగలేదని అతను చెప్పినా, పాత సిస్టం నింపాదిగా లేచి ఆ పాఠాన్ని చదివి వినిపించేదాకా ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. పాఠాన్ని మళ్లీ ఎక్కించి, తెరిచి, చదివించుకున్నాకే చెరిపెయ్యమంది.

సాయంత్రానికి యంత్రం టకటకలాడింది. చుక్కలమ్మ మొదటి కాగితాన్ని వేళ్లతో పైనుంచి కిందికి రెండుసార్లు తడిమి, "ఉంది, అంతా ఉంది," అంది. మరిది తల దించుకుని, ఇకమీదట తెరిచి చూడకుండా మాటివ్వనన్నాడు.

పుస్తకం పరీక్షలకు ముందే పిల్లల చేతికందింది. కంప్యూటరు మీట నొక్కి ఆ ముక్కు గొంతు కోసం కాచుకునే కాసేపూ చుక్కలమ్మ ఇప్పటికీ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది.