ఉమ్మనీరు తగ్గిందన్న మాట

నాకు మొదటి నుంచీ అనుమానం ఎక్కువ. పాలాయన క్యాను దించకముందే నీళ్లెన్ని కలిపావని అడిగే రకాన్ని. అలాంటి నాకు తొమ్మిదో నెల నిండాక డాక్టరమ్మ "ఉమ్మనీరు తగ్గింది, ఆపరేషన్ జేయాలె" అని చెబితే ఊరుకుంటానా?

తొలి కాన్పు కాబట్టి సిద్దిపేటకు, పుట్టింటికి వచ్చాను. తెలంగాణ కోసం జనమంతా రోడ్ల మీదే ఉన్న రోజులవి. బస్సులు డిపో దాటడం లేదు. మా ఆయన కరీంనగర్‌లో ఆగిపోయాడు. బాపుకు గాజుల దుకాణం ఉంది కానీ ఆ నెలల్లో దాని షట్టరు లేచిన పూటలు తక్కువ. పొద్దున చాయ్ తాగి కండువా వేసుకున్నాడంటే గజ్వేల్ రోడ్డు మీద తేలేవాడు. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, వాటి పక్కనే పొయ్యిలు, పెద్ద డేగిశాల్లో అన్నం. వంటావార్పు అయ్యేదాకా ఒక్క లారీ కదిలేది కాదు. బాపును చూస్తే నాకు గర్వంగానే ఉండేది, అది దాచను.

ఆ సోమవారం డాక్టరమ్మ ఆ మాట నాతో చెప్పలేదు, బాపు మొహం చూస్తూ చెప్పింది. "బుధవారం పదీ నలభైకి జేద్దాం. తెల్లారి బేస్తారం బంద్ ఉన్నది గద."

"నీళ్లు తగ్గితే ఇయ్యాలనే చెయ్యాలె గద మేడం, ఎల్లుండి దాంక ఎట్లాగుతయి?" అన్నాను.

"అంత అర్జెంటేం లేదమ్మా."

"అర్జెంటు లేకుంటే కోసుడెందుకు?"

"నీకెందుకే లొల్లి? గంత సదువుకున్నామె జెప్తుంటే!" అని బాపు కసిరాడు. పక్కనున్న అమ్మ "మంచి గడియనే బిడ్డా, పంతులు గూడ..." అని నోరు జారి, కొంగు సర్దుకుంది. ఓహో అనుకున్నాను. కడుపులో నీళ్లు తగ్గడానికి పంతులుకు ఏం సంబంధం?

బయట వరండాలో అక్కన్నపేట నుంచి వచ్చిన ఒక పిల్ల కూర్చుని ఉంది. ఆమెకూ నెలలు నిండినట్టే ఉంది. అడిగితే, "నాకూ గదే జెప్పిన్రక్కా, మంగళారం రమ్మన్నరు" అంది. నా ఒళ్లు మండిపోయింది. బంద్ అంటే ఆటోలు ఆగుతాయి సరే, కడుపుల్లో నీళ్లు కూడా ఎండిపోతాయా? బంద్ లోపల మంచాలన్నీ ఖాళీ చేసుకుని ఇంట్లో కాళ్లు చాపుకోవాలని ఈ డాక్టరమ్మ ఎత్తు వేసింది, ఇంతేనని తేల్చేశాను.

మా ఇంటి పక్కన ఉండే, పిన్ని వరసతో నేను ఖాలా అని పిలిచే ఆమె ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. స్కానింగు కాగితం తీసుకుని నేరుగా వాళ్లింటికి వెళ్లాను. ఆమె కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, కాగితం మీద వేలు పెట్టి చదివింది.

"నీళ్లు ఐదు కంటె కింద దిగితె ఫికర్ జెయ్యాలె బేటీ. నీకు పన్నెండున్నయి. బిడ్డ తలకాయ గూడ కిందికే ఉన్నది. ఏం తక్కువున్నదని జెప్పిన్రు?"

"అంటే అబద్ధమే గద ఖాలా! ఆపరేషన్లన్నీ గింతే!"

"అట్లనకు," అని ఖాలా నా చెయ్యి నొక్కింది. "ఆపరేషన్ లేక పోయిన ప్రాణాలు ఈ చేతులతోటి మోసిన. అది చెడ్డది గాదు. ఊరికెనే జేస్తేనే తప్పు. ఎందుకు జేస్తున్నరు, ఆగితే ఏమైతది, జేస్తే ఏమైతది, ఈ మూడు అడుగు. సక్కగ జెప్తె సంతకం జెయ్. జెప్పకుంటె లేచి రా."

మర్నాడు అమ్మను తీసుకుని వెళ్లి డాక్టరమ్మ బల్ల మీద కాగితం పెట్టి ఆ మూడూ అడిగాను. ఆమె కాగితం పక్కకు జరిపింది. తర్వాత మూలనున్న స్టూలు మీద కూర్చున్న అమ్మను చూసి, "మీరే చెప్పుండ్రి" అంది. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

అడిగింది బాపు అట. శనివారమే వచ్చి, బంద్‌కు ముందే తీసెయ్యమని చేతులు పట్టుకున్నాడట. పంతులు దగ్గర గడియ పెట్టించిందీ ఆయనే. నేను ఒప్పుకోనని తెలుసు కాబట్టి నీళ్ల సంగతి చెప్పమన్నదీ ఆయనే.

"ఈ వారం వచ్చిన ప్రతి ఇంటోళ్లు గదే అడిగిన్రమ్మా," అంది డాక్టరమ్మ, తల ఎత్తకుండా. "నేను ఒప్పుకొనేది లేకుండె. తప్పు నాదే. నీకూ బిడ్డకూ అంత బాగనే ఉన్నది, నొప్పుల దాంక ఆగొచ్చు. నీళ్లు పోయినా, రక్తం కనవడ్డా, బిడ్డ కదులుడు తగ్గినా వెంటనే రా. గానీ నిజంగ అవసరమైనప్పుడు నేను జెప్తే మాత్రం వాదన పెట్టుకోవద్దు."

"అప్పుడు మిమ్మల్ని ఎట్ల నమ్మాలె?" అన్నాను. ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చింది.

ఇంటికొచ్చి బాపును నిలదీశాను. చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "బంద్ నాడు తేడా వచ్చి హైదరాబాద్‌కు రాసిస్తే ఎట్ల బోతం బిడ్డా? భయమైంది."

"అడ్డం కూసునేది నువ్వేనాయె! జరగమని నీ దోస్తులకు జెప్పు. దానికి నా కడుపు కోయించాల్నా?"

బాపు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఆయనతో మాట్లాడలేదు. కన్న తండ్రే నా చెవిలో పువ్వు పెట్టాడు మరి.

బుధవారం పదీ నలభై అయింది, పోయింది. గురువారం పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఆటోలు లేవు. అమ్మ ఒక పక్క, ఖాలా ఒక పక్క పట్టుకుంటే మూడు సందులు దాటి దవాఖానకు నడిచాను. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. అప్పుడు డాక్టరమ్మ నా పొట్ట మీద యంత్రం పెట్టి విని, జరిపి మళ్లీ విని, "బిడ్డ గుండె తగ్గుతున్నది. ఆపరేషన్ జేయాలె, ఇప్పుడే" అంది.

నొప్పిలో పళ్లు కొరుకుతూ ఏమన్నానో తెలుసా? "మా బాపు మళ్ల వచ్చిండా మేడం?"

ఆమెకు కోపం రాలేదు. ఖాలా నేర్పిన మూడూ ఒక్కొక్కటే అడిగాను. ఒక్కొక్క దానికీ చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు బిడ్డ గుండె నెమ్మదిస్తోందట, నొప్పి తగ్గాక కూడా మళ్లీ త్వరగా అందుకోవడం లేదట. ఆగితే బిడ్డకు గాలి అందదట. కోస్తే నాకు రక్తం పోవచ్చు, కోలుకోవడానికి వారాలు పడుతుంది, మళ్లీ వచ్చే కాన్పుకు జాగ్రత్త కావాలి. అంతా విని కూడా నేను గోడ గడియారం వైపు చూశాను, ఇది కూడా పంతులు పెట్టిన గడియేమోనని. సిగ్గులేని బుద్ధి!

డాక్టరమ్మ యంత్రం శబ్దం పెంచి, "విను" అంది. టక్... టక్... అంటూ ఆగి ఆగి కొట్టుకుంటోంది. పొద్దున విన్నది గుర్రం పరుగులా ఉండింది. ఖాలా మొహం తెల్లబోయింది. "జెయ్ బేటీ, సంతకం జెయ్" అంది. బాపు కోసం చూడకుండా నేనే చేశాను.

నడుముకు సూది ఇచ్చారు కాబట్టి నాకు స్పృహ ఉంది. బిడ్డను తీశారని తెలుస్తూనే ఉంది. ఏడుపు మాత్రం లేదు. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుందని ఎవరో అంటున్నారు. నేను వాదించిన ఆ కాసేపును అక్కడ పడుకుని నిమిషం నిమిషం లెక్కపెట్టుకున్నాను. బిడ్డా, ఒక్కసారి ఏడువు, ఇంకెప్పుడూ ఎవరినీ అనుమానించను అని మొక్కుకున్నాను. చాలాసేపటికి, లేదా నాకు అలా అనిపించిందో, ఆడపిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

బాపు మర్నాడు వచ్చాడు. కండువా లేదు. పిల్లను ఎత్తుకోలేదు, మంచం పక్కన నిలబడ్డాడు. నేను కడిగేయాలనే ఉన్నాను. ఆయనే ముందు నోరు విప్పాడు.

"పోయిన నెల గజ్వేల్ రోడ్డు మీద ఒక ఆటో వచ్చింది బిడ్డా. లోపల ఒక పిల్ల, నొప్పులని మొత్తుకుంటున్నది. అంతకు రెండు రోజుల ముందే ఒకామె కడుపుకు దిండు గట్టుకొని మమ్మల్ని దాటిపోయింది. ఇదీ గదే ఆట అనుకున్న. అందరు పోనియ్యుమన్నరు. నేనే వద్దన్న. నేనే నమ్మలే."

"ఎంతసేపు ఆపినవ్?"

"అన్నం ఉడికే దాంక."

పిల్ల నా పక్కలో నిద్రపోతోంది. కుట్లు సలుపుతున్నాయి. తిట్టడానికి కూడబెట్టుకున్న మాటలను పక్కన పెట్టాను. నిన్న ఆ బల్ల మీద నేనూ నమ్మలేదు కదా. ఆ ఆటోలో ఆమెకు తర్వాత ఏమైందని మాత్రం అడిగాను.

తెలియదన్నాడు. ఆటో ఏ ఊరిదో కూడా చూడలేదట. తర్వాతైనా కనుక్కున్నాడేమో నాకు తెలియదు. నేను మళ్లీ అడగలేదు.