విమానాలను చూసి వాన చెప్పిన సార్

ఉగాది పోయిన ఐదో రోజు పొద్దున్నే మా సార్ పోయారని ఫోన్ వచ్చింది. అప్పుడు నేను విమానాశ్రయం బయట కారులో కూర్చుని కిరాయి కోసం చూస్తున్నాను. "ఛాతిల నిమ్ము చేరిందంట. దవాఖానలనే పానం పోయింది" అని మా అమ్మ చెప్పింది. కిందటి వారం వానలో తడిసి మంచం పట్టిన మనిషి. ఆయన ఎందుకు తడిశారో శంషాబాద్‌లో అందరికన్నా నాకే బాగా తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు సర్కారు బడిలో సైన్సు చెప్పారు. మా గల్లీలోనే, మూడిళ్ల అవతల ఉండేవారు. మబ్బుల పాఠం రోజు ఒక ప్లాస్టిక్ సీసాలో అడుగున గోరువెచ్చని నీళ్లు పోసి, ఆర్పిన అగ్గిపుల్ల పొగ పట్టించి, మూత బిగించి, గట్టిగా పిసికి వదిలారు. సీసా నిండా తెల్లగా మబ్బు పట్టింది. మేం బెంచీలెక్కి అరిచాం.

"పొగ ఎందుకేసిన? ఆవిరి ఉట్టిగ మబ్బు కాదురా. పైకి పోయి సల్లవడ్డంక కూసోనీకి ఇంత దుమ్మన్న కావాలె. ఆ దుమ్మే దానికి పీట" అన్నారు. అప్పటికింకా విమానాశ్రయం కడుతున్నారు, ఊరంతా ఎర్రదుమ్ము. "ఇగ శంషాబాద్‌ల పీటలకేం కరువు!" అని ఆయనే నవ్వారు.

విమానాశ్రయం తెరిచాక ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. పొద్దున చాయ్ గ్లాసుతో మిద్దె ఎక్కి, విమానాలు ఎటు లేస్తున్నాయో చూసేవారు. విమానం గాలికి ఎదురుగా లేస్తుందట. తూర్పుకు లేస్తే గాలి తూర్పు నుంచి, సముద్రం తడిని మోసుకొస్తోందని ఆయన లెక్క. చైత్రమాసంలో మా దగ్గర పొద్దునంతా మాడ్చే ఎండ, మూడింటికి రాళ్లవాన. మిరపకాయలు ఆరబోసే ఆడవాళ్లూ, పెళ్లి పందిళ్లు వేసే టెంట్‌హౌస్ చాచా, అందరూ మిద్దె కిందికొచ్చి "సార్, ఇయ్యాల ఎటు లేస్తున్నయ్?" అని అడిగేవారు. చాలాసార్లు నిజమయ్యేది. తప్పిందా, చాచా నెల రోజులు ఏడిపించేవాడు.

నేను ఇంటర్‌లో ఉన్న ఏడు మా బాపు తొండుపల్లి దగ్గర రోడ్డు పక్కన వడ్లు ఆరబోశాడు. ఆ పొద్దున సార్‌ను అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. "పడమటికే లేస్తున్నయన్నా. పొడి గాలి. వాన రాదు, ఫికర్ చెయ్యకు" అన్నారాయన. మధ్యాహ్నం దాటాక ఆకాశం నల్లబడింది. వడ్ల మీద పరదా కప్పుతుండగా బాపు మీద పిడుగు పడింది.

సార్ పరుగెత్తుకొచ్చి మా గడప బయట నిలబడిపోయారు. "ఇయ్యాల అసలు గాలే లేదన్నా. గాలి లేని దినం ఇమానాలు ఎప్పటి తొవ్వనే పోతయ్. కదలని గాలే వేడెక్కి పైకి లేసి మబ్బు కట్టింది. గంత సిన్న ముచ్చట మర్శిపోయిన" అని బాపు శవానికే చెప్పుకుంటున్నారు. నేను ఊరుకున్నానా? "మీరు చెప్పవట్టే మా బాపు పోయిండు. ఇగ మా ఇంటికి రాకుండ్రి" అన్నాను. గల్లీ అంతా విన్నది. ఆయన తల వంచుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత సార్ మిద్దె ఎక్కలేదు. ఎవరడిగినా "నాకేం తెల్వదు" అనేవారు. కానీ తొలి ఉరుము వినబడితే చాలు, గొడుగైనా లేకుండా తొండుపల్లి రోడ్డు మీదికి నడిచేవారు. వడ్లు కప్పుకునే రైతుల చేతులు పట్టి లాగేవారు. "వడ్లు పోతే పోనియ్యుండ్రి, లోపలికి నడువుండ్రి!" అని అరిచేవారు. సార్‌కు మతి చలించిందన్నారు కొందరు. ఆ అరుపులకు భయపడి ఒకరిద్దరైనా బతికే ఉంటారు. ఒకసారి నా కారు అద్దం మీద కొట్టి "దిగకు బిడ్డా, ఉరుముతుంది" అన్నారు. నేను ముఖం తిప్పుకున్నాను.

పోయిన దసరా రోజుల్లో అమ్మ దగ్గర ఆయన్ను మళ్లీ తిట్టాను. అమ్మ బియ్యం ఏరుతూ చేట కింద పెట్టింది.

"గట్లనకు. మీ బాపు సార్ మాట ఇన్లే. 'సార్‌కేం తెల్సు, నా మోకాళ్లు గుంజుతున్నయ్, వాన పక్కా' అని పొద్దుగాల్నే పరదా భుజాన ఏస్కొని పోయిండు. సార్ మాట ఇంటే ఇంట్లనే ఉండెటోడు గద."

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగితివా? ఆ కోపం మీదనే నిలవడి తిరుగుతున్నవ్. అది గిట్ల పోతే కూలవడ్తవేమోనని భయపడ్డ."

ఆ మాట సార్‌కు చెప్పాలి. మూడిళ్ల దూరం, అంతే. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ఆరు నెలలు గడిపేశాను. ఏ ముఖం పెట్టుకుని పోవాలి అని సిగ్గు. సిగ్గు అంటున్నాను గానీ ఒట్టి పొగరు. ఈలోగా మొన్నటి వానకు సార్ మళ్లీ ఆ రోడ్డు మీద నిలబడి తడిశారు.

శ్మశానం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడెను కిందికి దించారు. పోయినవారు పలుకుతారేమోనన్న ఆఖరి ఆశతో చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. సార్ కొడుకు "నాయినా" అని మూడుసార్లు పిలిచాడు. నేను అతన్ని అడిగి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. వంగి, "సార్, మా బాపు మీ మాట విని పోలే. మీ తప్పేం లేదు" అన్నాను. మూడుసార్లు అన్నాను.

అప్పుడు చూశాను, చెవిలో దూది పెట్టి ఉంది. తీసేసి మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. వెనక నిలబడ్డ టెంట్‌హౌస్ చాచా నా భుజం పట్టుకుని, "ఇగ లెవ్వు బేటా, పొద్దువోతుంది" అన్నాడు. నలుగురూ పాడెను ఎత్తుకుని కదిలారు. నేను దూది ముక్క పిడికిట్లో పట్టుకుని అక్కడే కూర్చున్నాను.