మా ఇంట్లో ఎవరికి ఏ కార్డు

నాకు ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చిన రోజు మా తమ్ముడు ఆళ్లగడ్డలో మా వీధి వీధంతా లడ్లు పంచాడు. ఆ ఉద్యోగం వల్లే వాడి ఆరోగ్య కార్డు పోతుందని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. నాయన, అమ్మ, నేను, తమ్ముడు, వాడి భార్య, వాళ్ల కూతురు. నేను పెళ్లి చేసుకోలేదు. రోజూ పొద్దున బస్సెక్కి నంద్యాలలో మా బడికి పోతాను, సాయంత్రానికి తిరిగి వస్తాను. తమ్ముడిది శిల్పాల షెడ్డులో పని. విగ్రహాలు చెక్కే పెద్ద పనివాళ్లు వేరే ఉంటారు. బండరాయిని మోటుగా కొట్టి, ఒక ఆకారానికి తెచ్చి వాళ్ల ముందు పెట్టడం వీడి వంతు. బడినుంచి నేను ఇంటికి వచ్చేసరికి తలమీదా కనుబొమ్మలమీదా తెల్లటి రాతిపొడితో అరుగుమీద కూర్చుని ఉండేవాడు.

రెండేళ్ల కిందట నాయనకు గుండెనాళం మూసుకుపోయింది. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాను. నా ఉద్యోగుల కార్డు చూపిస్తే చేర్చుకున్నారు, నాళంలో స్టెంటు వేశారు, నాలుగో రోజు ఇంటికి పంపారు. ఆ తర్వాత రెండో ఆదివారం నాయన చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడికి, డాక్టరుకు, తన కూతురికి వందనాలన్నాడు. తమ్ముడు మగవాళ్ల వైపు చాపమీద కూర్చుని నవ్వుతూ నావైపు చూశాడు.

పోయిన ఎండాకాలం వాడికీ అదే మొదలైంది. మెట్టు ఎక్కేటప్పుడు ఆగేవాడు. అడిగితే గ్యాసు అనేవాడు. షెడ్డులో సుత్తి పక్కన పెట్టి ఛాతీ రుద్దుకుంటున్నాడని మరదలు చెప్పింది. ఒక రోజు సెలవు పెట్టి వాణ్ణి నాయనకు చూపించిన ఆసుపత్రికే తీసుకుపోయాను. పరీక్షలు చేసి రెండు నాళాలు సన్నబడ్డాయని చెప్పారు. మీ నాయనకు చేసిందే చేయాలి, ఆలస్యం చేయొద్దు అన్నాడు డాక్టరు.

కింద కౌంటరులో కూర్చున్న ఆమెకు నా కార్డు ఇచ్చాను. ఆమె కంప్యూటరు చూసి తలెత్తింది.

"పేషెంటు నీకేమైతాడుమా?"

"తమ్ముడు."

"తమ్ముండ్లు రారుమా ఇందులో. అమ్మ నాయన, మొగుడు పిల్లోళ్లు, అంతే."

వాడి బియ్యం కార్డు నంబరు చెప్పాను. పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్యం ఆ కార్డు మీదే కదా. ఆమె కొట్టి చూసి, కార్డు ఆగిపోయిందని చెప్పింది. కారణం కూడా తెరమీద ఉందట. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారు.

ఆ ఉద్యోగిని నేనే. నా పేరు ఎప్పటినుంచో ఆ కార్డులోనే ఉంది. అలా నా కార్డులోకి వాడు రాడు, వాడి కార్డును నేను ఆపేశాను. మేం నేరుగా కడితే ఎంతవుతుందో కూడా ఆమె చెప్పింది. తమ్ముడు నా చేయి పట్టుకుని లాగాడు.

"పా అక్కా, గ్యాసే అయ్యింటాది," అన్నాడు.

వేరే ఊళ్లో సర్కారు ఆసుపత్రిలో పేరు రాయించాం. అక్కడ వరుస పొడుగు, వంతు రావడానికి నెల దాటేలా ఉంది. పీఎఫ్ మీద అప్పుకు దరఖాస్తు పెట్టాను. అది మంజూరు కావాలంటే కాగితం మూడు బల్లలు దాటాలి. ఈలోగా నా పేరును ఆ కార్డునుంచి తీయించుకుంటే చాలుననుకుని మా వార్డు సచివాలయానికి పోయాను. అక్కడి అమ్మాయి నెమ్మదస్తురాలు. ఎన్ని విధాలుగా నొక్కినా కంప్యూటరు ఒప్పుకోకపోతే విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి నొక్కింది. చివరికి నావైపు తిరిగి, చిన్నగా చెప్పింది.

"పేరు తీయాలంటే మేడం, పెండ్లన్నా అయ్యిండాల, ల్యాకుంటే చచ్చిపోయన్నా ఉండాల. ఇంగో ఆప్షను లేదు."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అయినా ఇంటికి నడిచి వచ్చేదాకా నా చెవులు వేడిగానే ఉన్నాయి.

తర్వాత ఆ అమ్మాయే ఒక దారి చూపింది. పెళ్లయిన తమ్ముడు వేరు కుటుంబంగా విడిపోవచ్చట. దానికి వివాహ ధ్రువపత్రం కావాలి. వాడి పెళ్లి మా చర్చిలో జరిగింది గానీ ఎక్కడా రిజిస్టరు చేయించలేదు. పాస్టరుగారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి పేజీలు తిప్పారు. ఇద్దరి సంతకాలూ దొరికాయి, మరదలి సంతకం వణుకుతూ ఉంది. ఆ నకలు పట్టుకుని ఒక ఆఫీసుకు, అక్కడినుంచి ఇంకో ఆఫీసుకు తిరిగాను. బడికి ఆలస్యంగా పోవడం, పర్మిషను పెట్టి ముందే రావడం అలవాటయింది. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయేదాన్ని. నేను కూర్చుంటే బస్సు నెమ్మదిగా పోతున్నట్టుండేది.

దరఖాస్తు పెట్టాం. ఇంటికొచ్చి విచారణ చేస్తామన్నారు. వేరు పొయ్యి ఉందా అని అడుగుతారని ఎవరో చెప్తే అమ్మ పెరట్లో మూడు రాళ్లు పెట్టి మరదలిని అక్కడ వంట చేయమంది. ఇన్నేళ్లుగా ఒకే కుండలో తిన్నవాళ్లం. ఆ పొయ్యి చూస్తూ నాయన ఆ పూట అన్నం తినలేదు. పని మానుకోమని వాడికి అందరం చెప్పాం. సరే అన్నాడు.

కానీ మానలేదు. ఒక పొద్దున నేను ఐదో తరగతికి పాఠం చెప్తున్నాను. మరదలు ఫోను చేసింది. ఎవరికీ చెప్పకుండా షెడ్డుకు పోయాడట, ఉలి చేతిలో ఉండగానే పక్కకు ఒరిగాడట. ప్రభుత్వ అంబులెన్సులో నంద్యాలకు తెస్తున్నారంది. నేను సుద్దముక్క చేతిలోనే పట్టుకుని ఆటో ఎక్కాను. వాడికంటే ముందే సర్కారు ఆసుపత్రి గేటు దగ్గరికి చేరాను. ఆళ్లగడ్డనుంచి రావాలంటే ఎంతసేపు పడుతుందో ఆ రోడ్డుమీద రోజూ తిరిగే నాకు తెలుసు. తెలిసి కూడా వచ్చిన ప్రతి బండి దగ్గరికీ పరుగెత్తాను. ఒక అంబులెన్సులోంచి ఎవరో గర్భిణిని దించుతుంటే వెనక వాడు కూడా ఉన్నాడేమోనని తొంగి చూశాను.

వాణ్ణి దించగానే లోపలికి తీసుకుపోయారు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షను ఇచ్చారు. ఎవరూ ఏ కార్డూ అడగలేదు. అదే మాకు మొదటి ఊరట. ప్రాణం నిలిచింది. మధ్యాహ్నం కుర్ర డాక్టరు బయటికి వచ్చి, గుండె కండరంలో కొంత చచ్చిపోయిందని, ఇంకా ముందే రావాల్సిందని అన్నాడు. ముందే వచ్చాం సార్ అని పాత పరీక్షల కాగితాలు చూపించాను. తేదీ చూశాడు. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, లోపలికి పోయాడు.

పదకొండు రోజుల తర్వాత మరదలి ఫోనుకు మెసేజి వచ్చింది. కొత్త కార్డు మంజూరైంది. మళ్లీ ఆ ప్రైవేటు ఆసుపత్రికే పోయాం, అదే కౌంటరు, అదే ఆమె. నన్ను గుర్తుపట్టి, "ఇప్పుడు పచ్చగా చూపిస్తాందిమా," అంది సంతోషంగా. స్టెంట్లు వేశారు. మనిషి వాడే, జబ్బు అదే, డాక్టరూ మారలేదు. ఆ మధ్యలో చచ్చిన కండరం మాత్రం మళ్లీ పుట్టదు. తమ్ముడిప్పుడు సుత్తి ఎత్తలేడు. కూర్చుని ఆకురాయితో విగ్రహాలను నునుపు చేస్తాడు. కూలి సగం. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఆ తర్వాత నంద్యాలలో మా టీచర్ల సమావేశం జరిగింది. మన కార్డును మరిన్ని ఆసుపత్రులు ఒప్పుకునేలా కోరాలన్నది చర్చ. అందరూ తలా ఒక ఆసుపత్రి పేరు చెప్తున్నారు. నేను లేచాను. సభలో మాట్లాడటం నాకు అలవాటు లేదు. మనకొక కార్డు, కూలివాళ్లకొకటి, కంపెనీవాళ్లకొకటి, ఏదీ లేనివాళ్లకు ఏదీ లేదు, ఇదంతా ఎందుకు, పుట్టిన ప్రతి మనిషికీ ఒకే ఏర్పాటు, అన్ని ఆసుపత్రులకూ ఒక్క ప్రభుత్వమే కట్టే పద్ధతి కావాలని అడుగుదాం అన్నాను. కరోనా టీకాలప్పుడు మా బడిలో నేనే పేర్లు రాశాను. పెద్ద ఆఫీసరూ, వీధులు ఊడ్చే ఆమే ఒకే వరుసలో నిలబడ్డారు. ఏ కార్డని ఎవరినీ అడగలేదు. టీకాకు చేయగలిగింది గుండెకు ఎందుకు చేయలేం అన్నాను.

వెనకనుంచి ఒక సీనియర్ సారు లేచారు.

"అంత దుడ్లు యాడినుంచి తెస్తారుమా? అందరినీ కలిపితే మనకొచ్చేదీ పోతాది."

"ఇప్పుడు కూడా మనమే కడతాండాం సార్," అన్నాను. "నా జీతంలో పట్టుకుంటారు. మా తమ్ముడు సబ్బు కొన్నా పన్ను కడతాడు. అన్నీ ఒక్కచోటికి పోతే ఎవరు వస్తారు ఎవరు రారని చూసేదానికి ఇన్ని కంప్యూటర్లు, ఇందరు మనుషులు అక్కర్లేదు. మనకొచ్చేది పోతాదేమోనని మీకు భయం. ఉన్న కార్డు పోయినోళ్ల ఇంట్లోనుంచి నేనొచ్చినా."

ఆయన చెప్పిన భయం తీసిపారేసేది కాదు. ఒకే వరుసయితే అది పొడుగవుతుందని నాకూ తెలుసు. సర్కారు ఆసుపత్రిలో పేరు రాయించి వంతుకోసం చూసినదాన్ని. కానీ ఆ వరుసలో కనీసం మా తమ్ముడి పేరుంది. అధ్యక్షుడు మంచి విషయమేనని, మన పరిధిలోది కాదని చెప్పి తర్వాతి అంశానికి పోయారు. టీ తాగేటప్పుడు ఇద్దరు ముగ్గురు వచ్చి వాళ్ల ఇళ్లలోవి చెప్పారు. ఒకామె కొడుక్కు వయసు దాటి కార్డులోంచి పేరు పోయిందట. అతనికి చక్కెర జబ్బు.

నేనే ఒక అర్జీ రాశాను. ఆ ఇద్దరు ముగ్గురూ సంతకాలు పెట్టారు, తమ్ముడూ పెట్టాడు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడికి పోయి వరుసలో నిలబడ్డాను. బల్ల దగ్గర గుమాస్తా రెండుసార్లు చదివి, ఇది ఏ శాఖకు పంపాలని నన్నే అడిగాడు. వైద్యమా, పౌర సరఫరాలా, ఉద్యోగుల విభాగమా? అన్నింటికీ అన్నాను. అలా కుదరదు, ఒకటే నొక్కాలి అన్నాడు. వెనక జనం తోస్తున్నారు. చివరికి 'ఇతరములు' అని నొక్కి రసీదు ఇచ్చాడు.

జవాబు రాలేదు. బడికి పర్మిషను దొరికిన సోమవారాలు మళ్లీ పోయి అడుగుతున్నాను.