జెర ఆరినంక మూయాలె

నాకు ఆగడం చేతకాదు. ఇడ్లీ ఉడికిందా లేదా అని మాటిమాటికీ మూత తీసి ఆవిరంతా పోగొట్టే రకం నేను. అలాంటి మనిషి టూ స్ట్రోక్ ఇంజను విప్పి బిగించే పనికి దిగడమేమిటని మా ఆవిడ ముందే అడిగింది. అడిగింది కాబట్టే దిగాను.

ఇంజను ఆమె స్కూటర్‌ది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది. గేర్లు లేని ఆ పాత స్కూటర్‌కి వెనక రెండు పక్క చక్రాలు బిగించి ఉంటాయి. దాని మీదే యాప్రాల్‌లోని మా ఇంటి నుంచి లాలాగూడ స్కూలుకు వెళ్లి లెక్కలు చెప్పి వస్తుంది. ఎండాకాలం సెలవుల్లో ఒకనాడు మా వీధి ఎత్తు ఎక్కుతుండగా ఇంజను లోపల బిగుసుకుని పట్టేసింది. కొత్తది కొందామంటే, పక్క చక్రాలు బిగించి ఆర్టీఏలో కాగితాలన్నీ అయ్యేసరికి దసరా వచ్చేస్తుంది. ఆటో ఎక్కడం, దిగడం ఆమెకు నరకం. స్కూలువాళ్లు మా ఇంటి దగ్గరున్న తమ చిన్న బ్రాంచిలో ఆఫీసు కుర్చీ ఇస్తామన్నారు. బడి తెరిచే సోమవారం ఆమె లాలాగూడ క్లాసులో కనబడకపోతే ఆ కుర్చీయే ఖాయం. క్లాసు పోతే ఆమె ఏమైపోతుందో నాకు తెలుసు. అది తలుచుకుంటే నాకు కాలు నిలవలేదు.

మా వైపు మెకానిక్కులు "టూ స్ట్రోకా? అమ్మేయ్ సార్" అన్నారు. నాకు మండింది. సిలిండర్ బోరింగు పని మాత్రం బయట చేయించి, మిగతాదంతా నేనే చేస్తానని పంతం పట్టాను. ఈ ఇంజన్లో పెట్రోలు, గాలి కలిసి ముందు కిందున్న క్రాంక్ కేసులోకి వచ్చి, అక్కడి నుంచి పైకి పోతాయి. ఆ కేసు రెండు ముక్కలు. వాటి మధ్య వెంట్రుకంత సందున్నా బయటి గాలి దూరుతుంది, పెట్రోలు చాలదు, పిస్టన్ వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది. రెజిమెంటల్ బజార్‌లో పాత స్పేర్ పార్టులు అమ్మే ఆసామి ఆయిల్ సీళ్లు, ఆ సందు మూసే గమ్ము ట్యూబు నా చేతిలో పెట్టి ఒకటే మాట చెప్పాడు.

"గమ్ము పల్చగ రాయి సార్. జెర ఆరినంక మూయ్."

"జెర అంటే ఎంతసేపు?"

"జెర అంటే జెరనే సార్," అని ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

మా తాతల కాలం నుంచి సికింద్రాబాదులోనే ఉంటున్నా మా ఇంట్లో గుంటూరు భాష పోలేదు. మాకు కాస్త అంటే కాస్తే. ఇక్కడి జెర అలా కాదు. పెళ్లిచూపులప్పుడు ఇక్కడి పిల్లయిన మా ఆవిడ "జెర ఆలోచించుకుంట" అంది. ఆ జెర క్రిస్మస్ దాటి, ఈస్టర్ కూడా దాటి నా ప్రాణం తోడేసింది. అంత అనుభవం ఉండి కూడా శనివారం నేను గమ్ము దట్టంగా పూసి, నోటితో ఉఫ్ఫుమని ఊది, రెండు ముక్కలూ కలిపి బోల్టులు బిగించేశాను. ఆ ఊపులోనే ఇంజను ఎక్కించి కిక్ కొట్టాను.

స్టార్టయింది! యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే రయ్యిమని అరవడం మొదలుపెట్టింది. నేను పొంగిపోయి ఆమెను కేకేశాను. "చూడు, ఎంత హుషారుగా ఉందో!"

ఆమె గోడ పట్టుకుని వచ్చి విన్నది. "బంద్ చెయ్యి ముందుగాల. గిది హుషార్ కాదు. ఏడనో గాలి గుంజుతున్నది. పరేషాన్ల ఉన్నది, నీ లెక్కనే."

ఆపేశాను. ఆమె స్టూలు మీద కూర్చుని కేసు అతుకు చుట్టూ సబ్బు నురగ రాసి, నన్ను మెల్లగా కిక్ తొక్కమంది. అడుగున, నేను అన్నిటికంటే దట్టంగా పూసిన చోటే, బుడగ ఉబ్బి పగిలింది. నాకు ఏడుపొచ్చింది. స్పానర్ విసిరికొడితే కరివేపాకు కుండీకి తగిలింది.

"కుండి పల్గలేదులే," అంది. "రేపు మళ్ల విప్పు."

ఆదివారం నేను చర్చికి పోలేదు. ఆమె పక్కింటివాళ్ల కార్లో వెళ్లి వచ్చేసరికి రెండు ముక్కలూ థిన్నర్‌తో తుడిచి పెట్టాను. ఈసారి గమ్ము ఆమే రాసింది, వేలితో, అంచు వెంబడి, కనబడీ కనబడనంత పల్చగా.

"ఇక మూద్దామా?"

"ఆగు."

"ఇప్పుడు?"

"ఇప్పుడే కదనయ్యా ఆగుమన్న!"

నా చెయ్యి దానంతట అదే కేసు మీదికి పోతోంది. ఆమె నా రెండు చేతులూ లాక్కుని ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. చీరకు గ్రీజు అంటుతోందన్నా వదల్లేదు. పెళ్లయ్యాక మేము అంతసేపు చేతులు పట్టుకుని కూర్చున్నది లేదు. నాకు చాలా బాగుంది. అయినా మోకాలు మాత్రం ఊగుతూనే ఉంది.

చివరికి ఒక చెయ్యి వదిలి గమ్మును వేలికొనతో తాకింది. వేలు అతుక్కుంది గానీ గమ్ము లేచి రాలేదు.

"గిదీ జెర," అంది.

మూశాం. బోల్టులు ఒక్కసారే కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. సాయంత్రం దాకా ముట్టొద్దని స్పానర్లన్నీ అలమారలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత ఇంజను ఎక్కించనిచ్చింది గానీ, కిక్ మాత్రం పొద్దున్నే అంది. నేను మేడ ఎక్కాను, దిగాను, అక్కర్లేని ఉల్లిపాయలు కొనుక్కొచ్చాను.

సోమవారం కిక్ కొడితే ఇంజను అరవలేదు. నిమ్మళంగా, ఒకే తీరుగా కొట్టుకుంది. ఆమె బ్యాగు ముందు పెట్టుకుని ఎక్కి కూర్చుంది.

"నేను బైక్ మీద వెనకాలే వస్తా. మధ్యలో ఆగిపోతే?"

"ఆగితే ఫోన్ చేస్త. నువ్వు రాకు."

వెళ్లాను. ఆగడం నా వల్ల కాలేదు. రెండు బస్సుల ఎడం ఉంచి, ఆ ఇంజను చప్పుడు కోసం చెవులు రిక్కించి లాలాగూడ దాకా వెళ్లాను. స్కూలు గేటుకు ఇవతలే ఆమె స్కూటర్ పక్కకు ఆపింది. నేను టీ బండి చాటుకు తప్పుకున్నాను. నా ఫోన్ మోగింది.

"యాప్రాల్ కాడికెల్లి అద్దంల నువ్వే కనిపిస్తున్నవ్."

"ఇంజను ఎలా ఉందోనని..."

"ఇంజన్ మంచిగున్నది." వెనక్కి తిరక్కుండానే అంది, "ఇంట్ల నువ్వు పట్టుకుంటవ్. చర్చిల ఎవలో ఒకలు పట్టుకుంటరు. స్కూల్ల మెట్లకాడ పిల్లలు సుత పట్టుకుంటరు. ఎవ్వలు పట్టుకోకుంట నేను పోయేది గీ రోడ్డు మీదనే. గిది నాకు ఇడిచిపెట్టు."

ఇన్నేళ్లలో ఆమె ఈ మాట ఒక్కసారీ అనలేదు. నాకు సిగ్గేసింది, మనసు చాలా నొచ్చుకుంది కూడా. సరే అన్నాను. ఆమె గేటులోకి వెళ్లేదాకా చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా బండి వెనక్కి తిప్పేశాను.